ఒక్కదాన్నే వెళ్లే అవుట్‌డోర్ షూట్లకి ఏ ఎల్‌ఈడీ లైట్ తీసుకోవాలి?

#1 ఒంటరి కెమెరా

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప నోరు విప్పడం ఇదే మొదటిసారి.

నేను చిన్న డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు తీస్తాను. కెమెరా, సౌండ్, లైటు, డ్రైవింగ్ అన్నీ నేనే. వీపున ఒక బ్యాగు, భుజాన ట్రైపాడ్ సంచీ. అంతకు మించి మోయలేను. షూటింగ్ ఎక్కువగా వాళ్లు పనిచేసుకునే చోటే ఉంటుంది. చెట్టు కింద, వరండాలో, షెడ్డులో, ఒక్కోసారి చీకటి పడ్డాక ఆరుబయట. ప్లగ్ పాయింట్ మీద ఆశ పెట్టుకోలేను.

ఇప్పటిదాకా కెమెరా నెత్తిన పెట్టే అరచేతంత ప్యానెల్‌తో నెట్టుకొచ్చాను. పోయిన వారం ఒక ఇంటర్వ్యూని ప్రొజెక్టర్ మీద వేసి చూశాం. ముఖం పలకలా చదునుగా ఉంది. ముక్కు పక్కన నూనె రాసినట్టు మెరుపు. చర్మం మీద ఏదో ఆకుపచ్చ జీర. మాట్లాడే మనిషి జ్వరం నుంచి అప్పుడే లేచినట్టున్నాడు. పక్కన కూర్చున్న ఎడిటర్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

కాబట్టి ఒక మంచి లైటు కొనాలి. 60 వాట్ల సీఓబీనా (చిప్‌లన్నీ ఒకేచోట కుక్కిన లైటు), ప్యానెలా, కర్రలా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ ట్యూబులా? 200 వాట్లది తీసుకుంటే ఎండలో కూడా పనికొస్తుందా? రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, సీఆర్‌ఐ, అన్ని డబ్బాల మీదా 95 అనే రాసుంటోంది, మరి తేడా ఎక్కడ? చదివిన కొద్దీ బుర్ర వేడెక్కుతోంది.

#2 పాత లైట్‌మన్

అమ్మా, లైటు పేరు తర్వాత. ముందు మూడు సంగతులు చెప్పు. మనిషికీ లైటుకీ మధ్య ఎంత దూరం పెడతావు? ఫ్రేమ్‌లో ఎంతవరకు కనబడతాడు, నడుము దాకానా, కాళ్ల దాకానా? నీ షూటింగుల్లో నట్టెండలో తీసేవి ఎన్ని?

#3 ఒంటరి కెమెరా

మాస్టారూ, పదిలో ఏడు కూర్చోబెట్టి తీసే ఇంటర్వ్యూలే, ఛాతీ దాకా ఫ్రేమ్. లైటు కెమెరా మీదే ఉండేది కాబట్టి దూరం ఒకటిన్నర, రెండు మీటర్లు. నట్టెండ తక్కువే. వరండా, చెట్టు నీడ ఎక్కువ. రాత్రిపూట నెలకి ఒకటీ రెండూ.

#4 పాత లైట్‌మన్

అయితే నీకు 200 వాట్లు అక్కర్లేదు. ఎందుకో చెప్తాను, కాస్త లెక్క ఉంటుంది, విసుక్కోకు.

ఒక చోట పడే వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. 60 వాట్ల సీఓబీకి సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లబట్ట ఉండే వెడల్పాటి గూడు) తగిలిస్తే మీటరు దూరంలో మహా అయితే రెండు మూడు వేల లక్స్. 200 వాట్లది అంటే దానికి మూడు రెట్లు అనుకో. లక్ష ముందు మూడు వేలైనా పది వేలైనా కాగడా ముందు అగ్గిపుల్లే. ఎండతో కుస్తీ పట్టాలంటే జనరేటర్ వ్యాను, నలుగురు మనుషులు కావాలి. ఆ పని నేను ముప్పై ఏళ్లు చేశాను, నీ బ్యాగులో పట్టదు.

ఎండలో చేయాల్సింది వేరు. మనిషిని సూర్యుడికి వీపు పెట్టించి కూర్చోబెట్టు. జుట్టు అంచున బ్యాక్ లైట్ దానంతటదే వస్తుంది. ముఖానికి ఒక తెల్ల థర్మకోల్ షీటు ఎదురు పెట్టు, లేదా మడత పెట్టే రిఫ్లెక్టర్ తెలుపు వైపు తిప్పు. వెండి వైపు తిప్పితే పాపం ఆయన కళ్లు మూసుకుపోతాయి. తలమీద ఎండ మరీ మండుతుంటే పైన ఒక స్కిమ్మర్ (ఎండని మెత్తబరిచే పలచటి తెల్లబట్ట) కట్టుకో. వీటికి బ్యాటరీ అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు.

వరండా లోపలికి వచ్చేసరికి వెలుతురు వేల లక్స్‌లోకి పడిపోతుంది. గదిలో కిటికీ పక్కన వందల్లో ఉంటుంది. పొద్దు గూకాక ఆరుబయటా వందలే. నీ లైటు పని అక్కడ మొదలవుతుంది. అక్కడ 60 వాట్లు రాజు.

దూరం సంగతి. రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకి లైటు జరిపితే ముఖం మీద వెలుతురు నాలుగింతలవుతుంది. అంటే 60 వాట్ల లైటు కొని దగ్గర పెట్టుకున్నవాడికి, 240 వాట్ల లైటు కొని దూరంగా పెట్టుకున్నవాడికి ఒకటే ఫలితం. వాట్లు కొనేముందు లైటుని కెమెరా మీద నుంచి దింపి స్టాండు మీద పెట్టు. నీ సమస్యలో సగం అక్కడే పోతుంది.

#5 బీమ్ యాంగిల్

మాస్టారితో చిన్న పేచీ. ఎండకి కాకపోయినా కొంచెం పెద్ద లైటు ఉంటే చేతిలో అవకాశం ఉంటుంది. వెనక ఆకాశం వెలిగిపోతున్న వరండాలో ముఖాన్ని పైకి తేవాలంటే 60 చాలదు. నేను 150 వాట్లదే సిఫారసు చేస్తాను. ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు, తక్కువుంటే పెంచుకోలేం కదా.

ఇంకోటి. డబ్బా మీద లక్స్ అంకె చూసి మోసపోవద్దు. ఒకరు రిఫ్లెక్టర్ తగిలించి కొలుస్తారు, ఇంకొకరు ఖాళీ లైటుని కొలుస్తారు. ఇరుకు రిఫ్లెక్టర్ పెడితే అదే లైటు మధ్యలో మూడు నాలుగింతలు చూపిస్తుంది. కాంతి పెరగలేదు, గుమిగూడింది అంతే. రెండు లైట్లని పోల్చాలంటే ఒకే రిఫ్లెక్టర్, ఒకే దూరం, ఒకే కలర్ టెంపరేచర్ (వెలుతురు పసుపా, తెలుపా అని చెప్పే కొలత) దగ్గర అంకెలు చూడండి.

#6 పాత లైట్‌మన్

వెనక ఆకాశం వెలుగుతుంటే కుర్చీని తిప్పుకోవాలి గురూ, లైటుని పెంచుకోవడం కాదు. 150 వాట్ల లైటుకి బ్యాటరీలు ఎవరు మోస్తారు?

#7 వాట్ అవర్

బ్యాటరీ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. నా లెక్కన లైటుకంటే ముందు బ్యాటరీ ఎంచుకోవాలి. ఇది నాకు పుస్తకం నేర్పింది కాదు.

ఒకసారి రాత్రిపూట ఇంటర్వ్యూ. పెద్దాయన, చనిపోయిన తమ్ముడి గురించి మాట్లాడుతున్నాడు. మొదట ముక్తసరిగా చెప్పాడు. ఇరవై నిమిషాల తర్వాత గొంతు కరిగింది. పడవ దగ్గరకి ఇద్దరూ పరుగెత్తిన రోజు గురించి మొదలుపెట్టాడు. 'వాడు నా చెప్పులు వేసుకుని...' అన్నాడు, అంతే, లైటు టప్ మని ఆరిపోయింది. చీకట్లో ఆయన ఆగిపోయాడు. నేను తడుముకుంటూ బ్యాటరీ మార్చేసరికి రెండు నిమిషాలు. లైటు వచ్చాక ఆయన కళ్లు తుడుచుకుని, 'ఇంకేం అడగాలి బాబూ?' అన్నాడు. చెప్పుల మాట మళ్లీ రాలేదు. ఇప్పటికీ నాకు ఆ వాక్యం చివర తెలియదు.

తీసి చూస్తే ఆ బ్యాటరీల్లో ఇంకా మూడో వంతు చార్జ్ ఉంది. మరెందుకు ఆరింది? అదీ చెప్తాను.

చాలా చిన్న లైట్లు సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీల మీద నడుస్తాయి. అందులో పెద్దది, 970 సైజుది, 7.2 వోల్టులు, 6600 ఎంఏహెచ్. గుణిస్తే 47 వాట్ అవర్లు పైచిలుకు. రెండు పెడితే 95. 60 వాట్ల లైటు అంటారు గానీ లోపలి డ్రైవర్ సర్క్యూట్, ఫ్యాను కలుపుకుని బ్యాటరీ నుంచి 70 దాకా లాగుతుంది. 95ని 70తో భాగించండి, గంటా ఇరవై నిమిషాలు. కాగితం మీద.

ఇప్పుడు కరెంటు చూడండి. ఒక్కో బ్యాటరీ మీద 35 వాట్ల బరువు. 7.2 వోల్టుల దగ్గర అది దాదాపు 5 ఆంపియర్లు. చార్జ్ దిగి 6 వోల్టులకి వచ్చేసరికి అదే 35 వాట్ల కోసం 6 ఆంపియర్ల దగ్గరికి పోతుంది. నాసిరకం బ్యాటరీల్లోని రక్షణ సర్క్యూట్ అంత కరెంటుని ఒప్పుకోదు, కట్ చేసేస్తుంది. లోపల చార్జ్ ఉన్నా సరే. చలిలో ఇంకా ముందే కట్ అవుతుంది. నా లైటు ఆరింది అందుకే.

అప్పటి నుంచి రెండే మార్గాలు పాటిస్తున్నా. ఒకటి వీ-మౌంట్ బ్యాటరీ. 14.4 వోల్టులు, 95 నుంచి 98 వాట్ అవర్లు. ఇంతే కరెంటు లాగినా దానికి లెక్కలేదు, పెద్ద బరువులకే పుట్టింది. రెండోది లైటుని సగానికి తగ్గించి నడపడం. ఇది చాలామంది పట్టించుకోరు. 100 నుంచి 50 శాతానికి దించితే పోయేది ఒక్క స్టాప్, అంటే వెలుతురులో ఒక మెట్టు. కెమెరాలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) ఒక మెట్టు పెంచితే సరి. బ్యాటరీ మాత్రం దాదాపు రెండింతలు వస్తుంది, ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది.

#8 ఒంటరి కెమెరా

మీ చెప్పుల కథ చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

మామూలు పవర్ బ్యాంకు మీద నడిచే లైట్లు కూడా ఉన్నాయి కదా, యూఎస్‌బీ-సీ వి? నా దగ్గర 20,000 ఎంఏహెచ్‌ది ఉంది. ఎన్‌పీ-ఎఫ్‌తో పోలిస్తే మూడింతలు కాదా?

#9 వాట్ అవర్

కాదండీ, అక్కడే అందరూ పడతారు. పవర్ బ్యాంకు మీద రాసే ఎంఏహెచ్ లోపలి సెల్ వోల్టేజీ 3.7 దగ్గర లెక్క. 20 ఆంపియర్ అవర్లు ఇంటూ 3.7, 74 వాట్ అవర్లు. వోల్టేజీ పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది, చేతికొచ్చేది 60 నుంచి 65. ఎంఏహెచ్‌ని ఎంఏహెచ్‌తో పోల్చకండి, వాట్ అవర్లతోనే పోల్చండి.

మీ పవర్ బ్యాంకు ఎన్ని వాట్లు ఇవ్వగలదో కూడా చూడాలి. వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. 20 వోల్టులు 3 ఆంపియర్లు అంటే 60 వాట్లు. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల చిప్ ఉన్న కేబుల్ తప్పనిసరి. ఫోనుతో వచ్చిన కేబుల్ పెట్టి లైటు పూర్తిగా వెలగట్లేదని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశా.

#10 శబ్దం

సౌండ్ వాళ్ల తరఫున ఒక మనవి. ఫ్యాను.

సీఓబీ అంటే గోరంత చోట చిప్‌లన్నీ కుక్కి పెట్టిన లైటు. వేడి ఒక్కచోటే పుడుతుంది, ఫ్యాను లేకుండా కుదరదు. ప్యానెల్లో ఎల్‌ఈడీలు పరుచుకుని ఉంటాయి కాబట్టి చాలావాటికి ఫ్యాను ఉండదు. మాస్టారు చెప్పినట్టు లైటు మీటరు దూరానికి తెస్తే మైకు కూడా ఫ్యానుకి మీటరులోపే. చెట్టు కింద పక్షుల్లో కలిసిపోతుంది. మూసిన గదిలో మాత్రం ప్రతి మాట వెనకా 'సీ...' అని ఉంటుంది. అది కూడా వేడెక్కాక పది నిమిషాలకి మొదలవుతుంది, టెస్ట్ చేసినప్పుడు వినపడదు.

కొనేముందు లైటుని ఫుల్‌లో పావుగంట వెలిగించి, అప్పుడు మైకు పెట్టి రికార్డ్ చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. సైలెంట్ మోడ్ ఉంటే అందులో ఎంత వెలుతురు ఇస్తుందో చూడండి. కొన్నిటికి ఆ మోడ్‌లో సగమే మిగులుతుంది. వరండా నేల ఎండకి కాగి ఉంటే ఫ్యాను ఇంకా గట్టిగా తిరుగుతుంది, అది గుర్తుంచుకోండి.

#11 ఎడిట్ టేబుల్

ఆకుపచ్చ జీర గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. రోజూ ఇలాంటి ముఖాల్ని బాగుచేసే కూలిపని నాది.

తెల్ల ఎల్‌ఈడీ అనేది నిజానికి తెల్లది కాదు. నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత. నీలం కొంత బయటికొస్తుంది, మిగతాది పూతని వెలిగించి పసుపుగా మారుతుంది, రెండూ కలిసి కంటికి తెలుపు. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. గొప్ప పనే, కానీ ఈ కలయికలో ముదురు ఎరుపు చాలా తక్కువ. మన చర్మానికి ప్రాణం పోసేది కింద పారే రక్తం, అంటే ఎరుపు. అది లైటులోనే లేకపోతే కెమెరా ఎక్కడినుంచి తెస్తుంది? మంచి లైట్లలో ఎరుపు కూడా ఇచ్చే ఫాస్ఫర్లు కలుపుతారు.

మరి సీఆర్‌ఐ 95 అని ఎలా రాస్తారు? ఆ అంకె పరీక్షకి పెట్టుకున్న రంగుల్లో మొదటి 8 రంగుల సగటు. అన్నీ వెలిసిన, లేత రంగులు. ముదురు ఎరుపు తొమ్మిదోది, ఆర్9, సగటులో కలవదు. లేత రంగుల్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని ఎరుపులో తప్పిన లైటు కూడా దర్జాగా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి ఆర్9 విడిగా అడగండి. 90 పైన ఉంటే నిశ్చింత. 50, 60 ఉంటే మీ మనిషికి మళ్లీ జ్వరమే.

ఇంకో కొలత టీఎల్‌సీఐ. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వాళ్లు 2012లో తెచ్చారు. సీఆర్‌ఐ మనిషి కంటికి లెక్క, ఇది వీడియో కెమెరాకి లెక్క. మన పనికి ఇదే దగ్గర.

ఒక్కమాట, అంకెలు ఎంత బాగున్నా రెండు కంపెనీల లైట్లు కలిపి వాడితే ఒకటి ఆకుపచ్చ వైపు, ఇంకొకటి మెజెంటా వైపు లాగుతుంది. రెండు చెంపలు రెండు ఊళ్ల నుంచి వచ్చినట్టుంటాయి. అది నేను సరిచేయలేను. అంటే చేయగలను, కానీ మిమ్మల్ని తిట్టుకుంటూ చేస్తాను.

#12 ఒంటరి కెమెరా

ఎడిటర్లు మౌనంగా ఎందుకుంటారో ఇప్పుడర్థమైంది :)

డేలైట్ ఒక్కటే ఉన్నది కొనాలా, బై-కలర్ కొనాలా?

#13 బీమ్ యాంగిల్

బై-కలర్‌లో 5600 కెల్విన్ (పగటి తెలుపు, అంటే డేలైట్) ఎల్‌ఈడీలు కొన్ని, 3200వి (పాత బల్బు పసుపు) కొన్ని ఉంటాయి. చాలా ప్యానెళ్లలో ఏదో ఒక చివరకి తిప్పితే సగం ఎల్‌ఈడీలే వెలుగుతాయి. అందుకే అదే వాట్ల డేలైట్ లైటు కంటే వెలుతురు తక్కువ. అయినా ఒక్కరే తిరిగేవాళ్లకి బై-కలరే మేలు. వరండాలో మొదలుపెట్టిన ఇంటర్వ్యూ బల్బు కింద ముగుస్తుంది. డేలైట్ లైటుకి ప్రతిసారీ ఆరెంజ్ జిలెటిన్ (రంగు ప్లాస్టిక్ కాగితం) కట్టాలి, ఆ జిలెటిన్ వెలుతురు దాదాపు సగం తింటుంది, గాలికి ఎగురుతుంది, బ్యాగులో ఉండచుట్టుకుపోతుంది.

#14 పాత లైట్‌మన్

ఈ మాట ఒప్పుకుంటాను.

#15 షట్టర్

ఫ్లికర్ చూశారా? డిమ్ చేసినప్పుడు కొన్ని చవక లైట్లు కాంతిని నిజంగా తగ్గించవు. చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గినట్టు నమ్మిస్తాయి. కంటికి తెలియదు, కెమెరాలో అడ్డ చారలు పాకుతాయి. పరీక్ష సులభం. లైటుని 10 శాతానికి దించి, ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి తెల్లగోడ మీద పడ్డ వెలుతురుని తీయండి. గోడ కొట్టుకుంటే ఆ లైటు వద్దు. కెమెరాలో షట్టర్ 1/2000కి పెంచి కూడా చూడండి.

మీ లైటు శుభ్రంగా ఉన్నా గదిలో ముందే ఉన్న ట్యూబ్‌లైటు కొట్టుకోవచ్చు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ, 60 ఉన్నచోట 1/60 గానీ 1/120 గానీ. లేదా ఆ ట్యూబ్‌లైటు ఆపేయమని అడగండి, అంతకంటే సుఖం లేదు.

#16 ట్యూబు భక్తుడు

నా ఓటు ట్యూబులకే. బ్యాటరీ లోపలే ఉంటుంది, ఫ్యాను లేదు, ట్రైపాడ్ సంచీలో పడుకుంటుంది. షెడ్డు దూలానికి క్లిప్ పెట్టి వేలాడదీయొచ్చు, కారు లోపల పెట్టొచ్చు, ఫ్రేమ్‌లోనే కనబడేలా గోడకి ఆనించినా అందమే.

#17 పాత లైట్‌మన్

ట్యూబు మంచి నౌకరు, కీ లైటుగా, అంటే ముఖం మీద పడే ముఖ్యమైన లైటుగా, మాత్రం పెట్టకు. రెండడుగుల ట్యూబు పొడవులోనే మెత్తగా ఉంటుంది, అడ్డంగా చూస్తే సన్నని గీత. నిలబెడితే ముక్కు నీడ ఒకలా, పడుకోబెడితే ఇంకోలా పడుతుంది. వెనక గోడకో, జుట్టు అంచుకో వాడుకుంటే మాత్రం దాన్ని మించింది లేదు.

మెత్తదనం గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. లైటు ముందు తెల్లకాగితం అంటించినంత మాత్రాన మెత్తబడదు. మనిషి వైపు నుంచి చూస్తే వెలిగే తలం ఎంత పెద్దదిగా కనబడుతుందో అంత మెత్తన. అరచేతంత ప్యానెల్‌కి ఏం కట్టినా అది అరచేతంతే. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్‌ని ఫ్రేమ్ అంచుకి ఆనేలా తీసుకొస్తే మెత్తన, అదే మూడు మీటర్లు దూరం జరిపితే మళ్లీ కరుకు.

మరీ దగ్గరా వద్దు. 60 సెంటీమీటర్ల దగ్గర పెట్టావనుకో, మాట్లాడే మనిషి ఉత్సాహంలో ఒక జానెడు ముందుకి వంగితే ముఖం మీద వెలుతురు రెండింతలకి దగ్గరగా పెరిగిపోతుంది. కుదురుగా కూర్చునేవాళ్లకి దగ్గర, చేతులు తిప్పుతూ ఊగేవాళ్లకి మీటరు.

#18 శబ్దం

కళ్లజోడు వాళ్లకి ఏం చేస్తారు మాస్టారూ? నాకు లెన్స్‌లో రెండు తెల్ల చతురస్రాలే కనబడతాయి, కళ్లు కాదు.

#19 పాత లైట్‌మన్

లైటు పైకి ఎత్తు, పక్కకి జరుపు. అప్పటికీ పోకపోతే కళ్లజోడు కాడలు చెవుల మీద ఒక పిసరు పైకి లేపమను. అద్దాలు కిందకి వంగుతాయి, మెరుపు నేల మీదకి పోతుంది. ఎవరికీ తేడా తెలియదు.

#20 రాత్రి షిఫ్టు

రాత్రి ఆరుబయట అన్నారు కదా, పురుగుల సంగతి ఎవరూ చెప్పలేదు! 5600లో లైటు వేసిన ఐదు నిమిషాలకి సాఫ్ట్‌బాక్స్ చుట్టూ జాతర. ఒకసారి మాట్లాడుతున్నావిడ నోట్లోకే ఒకటి దూరింది, ఆవిడ దగ్గు ఆగాక నవ్వు ఆగలేదు, షూటింగ్ అక్కడితో సరి. పురుగుల్ని ఎక్కువగా లాగేది నీలం వైపు కాంతి. లైటుని 3200కి దించి కెమెరా వైట్ బ్యాలెన్స్ కూడా అక్కడికి తెస్తే చాలా తగ్గుతాయి. నేను ఇంకో పని కూడా చేస్తాను. పాత ప్యానెల్ ఒకటి పదిహేను అడుగుల దూరంలో, ఫ్రేమ్ బయట, తెల్లగా వెలిగించి వదిలేస్తా. సగం జనాభా అక్కడికి వలస పోతుంది. మీ అరచేతంత ప్యానెల్‌ని అమ్మేయకండి, ఈ ఉద్యోగం ఇవ్వండి.

#21 వాట్ అవర్

#20 అద్భుతం.

వానకి కూడా ఒక మాట. ఐపీ రేటింగ్ ఉంటుంది, రెండు అంకెలు. మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్లకి. ఐపీ65 అంటే దుమ్ము అసలు చొరబడదు, పైపుతో నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. చాలా సీఓబీలకి ఏ రేటింగూ ఉండదు, ఫ్యాను కోసం కన్నాలు ఉంటాయి మరి. సాఫ్ట్‌బాక్స్ మీద గొడుగు పట్టడం తప్ప దారి లేదు.

విమానంలో వెళ్లేపని ఉంటే, విడి బ్యాటరీలు చేతి సంచీలోనే, చెకిన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ ఒప్పుకుంటే రెండు, ఆపైన ప్రయాణికుల సామానులో కుదరదు. వీ-మౌంట్‌లు 98 దగ్గర ఆగిపోవడం వెనక మతలబు అదే. టెర్మినళ్ల మీద టేపు వేయండి.

#22 బీమ్ యాంగిల్

స్టాండు గురించి కూడా. సాఫ్ట్‌బాక్స్ అంటే తెరచాప. నాది ఒకటి మెల్లగాలికే పడిపోయి లైటు తల విరిగింది. మనిషి మీద పడనందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. స్టాండు మూడు కాళ్లలో ఒకటి లైటు వంగిన వైపుకే ఉండాలి. బరువు సంచీ మోయలేకపోతే కెమెరా బ్యాగునే స్టాండుకి వేలాడదీయండి, నేలకి ఆనీ ఆనకుండా. గాలి గట్టిగా ఉంటే సాఫ్ట్‌బాక్స్ తీసేసి లైటుని తెల్లగోడ మీదకి కొట్టి బౌన్స్ తీసుకోండి.

#23 ఒంటరి కెమెరా

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. కొనేశాను, రెండు షూట్లు కూడా అయ్యాయి, అందుకే ఆలస్యం.

60 వాట్ల బై-కలర్ సీఓబీ, 60 సెంటీమీటర్ల మడత సాఫ్ట్‌బాక్స్, రెండు వీ-మౌంట్లు, ఒక చిన్న ట్యూబు. కొనేచోట లైటుని పావుగంట ఫుల్‌లో వెలిగించి ఫోనుతో స్లో మోషన్ తీశాను, మైకు పెట్టి విన్నాను. అమ్మే అబ్బాయి నన్ను వింతగా చూశాడు. మొదట చూపించిన లైటు 10 శాతం దగ్గర గోడ మీద టపటపా కొట్టుకుంది, పక్కన పెట్టేశాను. రెండోది నిలబడింది. ఆర్9 ఎంత అని అడిగితే ఆ అబ్బాయి 'సీఆర్‌ఐ 96 మేడం' అనే అంటున్నాడు. చివరికి మాన్యువల్ వెనక పేజీలో దొరికింది, 91.

మొదటి షూట్ వరండాలో. లైటు ఎడమ పక్కన మీటరు దూరం, కంటికంటే కాస్త ఎత్తులో, 45 శాతం దగ్గర. కుడివైపు ఏమీ పెట్టలేదు, తెల్లగోడే వెనక్కి కొట్టింది. గంటన్నర మాట్లాడాం, బ్యాటరీలో ఇంకా మూడో వంతు పైనే మిగిలింది. ఫ్యాను హెడ్‌ఫోన్‌లో వెతికితే తప్ప వినపడలేదు.

రెండోది రాత్రి. 3200కి దించాను. పాత ప్యానెల్‌ని దూరంగా రాయి మీద పెట్టి వెలిగించాను. కాసేపటికి అక్కడ పురుగుల సంత. మాట్లాడే ఆవిడ మధ్యలో ఆగి, 'ఆ లైటు అక్కడెందుకమ్మా, ఎవరైనా వస్తున్నారా?' అని అడిగింది.

ఒక్కటే తప్పు చేశాను. ట్యూబు వేరే కంపెనీది. వెనక గోడ మీద వేశాను కాబట్టి ముఖం బాగానే ఉంది, గోడ మాత్రం లేత గులాబీ.

#24 ఎడిట్ టేబుల్

గులాబీ గోడ ఫ్రేమ్ ఒకటి పెట్టండి, చూద్దాం. ముఖం వేరే లైటు కింద ఉంది కాబట్టి గోడని ఒక్కదాన్నే విడదీసి లాగొచ్చు. మరీ ఎక్కువ తిట్టుకోనులెండి.

#25 పాత లైట్‌మన్

ముఖం ఫ్రేమ్ కూడా పెట్టమ్మా. ముక్కు నీడ ఎక్కడ పడిందో చూడాలి.